ఉత్తరముల తీగ

మా తండ్రిగారి ఇల్లు రేపల్లెలో ఉండెడిది. ఆ యింటి వసారాలో, గోడగడియారము ప్రక్కన, ఒక ఇనుప తీగ వ్రేలాడుచుండెడిది. దాని పై కొస కొక్కెమువలె వంపబడి యుండెను. క్రింది కొసకు చిన్న చెక్క బిళ్ల యుండెను. ఇంటికి వచ్చిన ప్రతి ఉత్తరమును తండ్రిగారు మొదట తాము చదువుకొని, తరువాత అమ్మకు చదివి వినిపించి, జవాబు వ్రాసిన పిమ్మట ఆ తీగకు గ్రుచ్చెడివారు. జవాబు వ్రాయని ఉత్తరము తీగ ఎక్కరాదని వారి నియమము. అట్టిది బల్లమీద సిరాబుడ్డి క్రింద పడియుండి వారిని మందలించుచుండవలసినదే.

ఆ తీగమీద పోస్టుకార్డులు, ఇన్‌లాండు కవర్లు, మూలలకు పసుపు పూసిన శుభలేఖలు ఒకదానిపై ఒకటి ఒదిగి యుండెడివి. చావుకబురు తెచ్చిన కార్డు మాత్రము తీగ ఎక్కెడిది కాదు. దానిని చదివిన వెంటనే చింపివేయుట ఆచారము. అందుచేత ఆ తీగను మాత్రమే నమ్మి మా యింటి చరిత్ర వ్రాయబూనినవానికి మా బంధువర్గమున మరణమన్నది లేనేలేదని తోచియుండును. లెక్క ఎంత సరియైనదైనను దానిలో చేరని దేదియో ఒకటి మిగిలి యుండునని నేను మొదట తెలిసికొన్నది ఆ తీగ వలననే.

వర్షాకాలపు మధ్యాహ్నములలో మేము ముగ్గురు పిల్లలము ఆ ఉత్తరములను దింపి ఒక ఆట ఆడెడివారము. అక్కయ్య వానిని వ్రాసినవారి పేరు చొప్పున నేలమీద కుప్పలుగా పేర్చెడిది. ఇది మేనమామ కుప్ప, ఇది గుంటూరు పిన్ని కుప్ప, ఇది తండ్రిగారి బాల్యమిత్రుని కుప్ప. అన్నిటికన్న ఎత్తైన కుప్ప ఎవరిదో వారు గెలిచినట్లు. నేనును తమ్ముడును గెలిచినవారి పేరు చెప్పి చప్పట్లు చరచెడివారము. అక్కయ్య మాత్రము అన్నిటికన్న చిన్న కుప్పను చేతిలోనికి తీసికొని, “పాపము, వీరికి మనము వ్రాయవలెను” అని తండ్రిగారి నడిగి ఒక కార్డు తెచ్చి వ్రాయ మొదలుపెట్టెడిది. ఆమె స్వభావము అట్టిది.

మేము పెద్దవారమైతిమి. అక్కయ్యను తెనాలి ఇచ్చిరి. అక్కడనే ఆమె ఉపాధ్యాయినిగా పని చేసెను. నేను బాపట్లలో, 1945లో నెలకొల్పబడిన వ్యవసాయ కళాశాలలో, గ్రంథాలయపు పనిలో చేరితిని. తమ్ముడు తండ్రిగారి పొలమును, ఇంటిని, ఆ తీగను చూచుకొనుచు రేపల్లెలోనే నిలిచెను.

ఈ మూడు ఊళ్లను ఎరుగనివారికి ఒక మాట చెప్పవలెను. తెనాలి, బాపట్లలు రెండును విజయవాడ నుండి చెన్నైకి పోవు పెద్ద రైలుమార్గముమీద నున్నవి. రేపల్లెకు మాత్రము తెనాలి నుండి ఒక శాఖ చీలి, వేమూరు, భట్టిప్రోలు మీదుగా పోయి అక్కడితో ముగియును. అది 1916లో వేసిన మార్గము. కావున బాపట్ల నుండి రేపల్లెకు రైలులో పోవలెనన్నచో తెనాలిలో దిగి బండి మారక తప్పదు. నేను పుట్టినింటికి పోవునప్పుడెల్ల ఆ రెండు బండ్ల నడుమ అక్కయ్య ఇంటికి పోయెడివాడను. ఆమె నాకు అన్నము పెట్టి, తమ్ముని కొరకు ఆవకాయ జాడీ ఒకటి చేతికిచ్చి, వానికి చెప్పవలసిన మాటలను వరుసగా చెప్పి పంపెడిది. తిరుగు ప్రయాణములో తమ్ముని సంగతులు ఆమెకు చెప్పెడివాడను. ఈ విధముగా బాపట్ల వార్త రేపల్లెకును, రేపల్లె వార్త బాపట్లకును ఆమె ఇంటి మీదుగానే నడచుచుండెను.

1972 ఆగష్టు 15న మన దేశమున పిన్‌కోడు పద్ధతి మొదలయ్యెను. తెనాలికి 522201, బాపట్లకు 522101, రేపల్లెకు 522265 అని అంకె లేర్పడెను. ఉత్తరములను ఏ ప్రాంతమున వేరుపరుపవలెనో మొదటి మూడంకెలు తెలుపును. ఏ తపాలా కార్యాలయమున పంచవలెనో చివరి మూడంకెలు తెలుపును. మా మూడు ఊళ్లకును మొదటి మూడంకెలు ఒక్కటే. “మన మూడిండ్లకును ఇంటిపేరు కలిసినదిరా” అని అక్కయ్య నవ్వెడిది.

కాలము మారెను. 1971లోనే రే టామ్లిన్సన్ అను అమెరికా ఇంజనీరు ఒక కంప్యూటరు నుండి వేరొక కంప్యూటరునకు సందేశము పంపి చూపెను. మనిషి పేరునకును యంత్రము పేరునకును నడుమ నేడు మనము వాడు గుర్తును ఎన్నుకొన్నవాడును అతడే. మన దేశమున 1995 ఆగష్టు 15న సామాన్య ప్రజలకు అంతర్జాల సేవ అందుబాటులోనికి వచ్చెను. మా కుటుంబమునకు అది చేరుటకు మరి పదేండ్లు పట్టెను. అక్కయ్య పదవీ విరమణ చేసిన పిదప, విదేశమున నున్న కుమారునికి వ్రాయుటకై, 2006లో ఈమెయిలు నేర్చుకొనెను. తాను నేర్చినది ఊరకుండనీయని మనస్సు గనుక మా ఇద్దరకును నేర్పెను. తమ్ముడు మొదట తన కుమార్తెచేత వ్రాయించి, క్రమముగా తానే అక్షరములు కూర్చుట అలవరచుకొనెను.

అది మొదలు ప్రతి ఆదివారము ఉదయము అక్కయ్య జాబు వచ్చెడిది. జాబు ఒక్కటే, పైన పేర్లు రెండు, నాదియు తమ్మునిదియు. నేను జవాబు వ్రాసినచో అది ఇద్దరకును పోయెడిది. తమ్ముని జవాబును అట్లే. తెనాలి కాలువలకు నీరు వదలిరని ఆమె వ్రాయును. మినుము ఎట్లున్నదో తమ్ముడు వ్రాయును. బాపట్ల భావనారాయణస్వామి ఉత్సవమును గురించి నేను వ్రాయుదును. ముగ్గురము ఒక వసారాలో కూర్చున్నట్లే యుండెడిది.

2018 కార్తిక మాసమున అక్కయ్య కాలధర్మము చెందెను.

తరువాతి ఆదివారము జాబు రాలేదు. ఆ పై ఆదివారమును రాలేదు. రాదని తెలిసియు పెట్టె తెరచి చూచెడివాడను. ఆమె జాబు రాకపోవుటకు కారణము తెలియును. తమ్ముని జాబు రాకపోవుటకు మాత్రము కారణము తెలియలేదు. పెద్దవాడను గదా, ముందుగా వాడే వ్రాయవలెనని నేనును మిన్నకుంటిని. ఏడాది గడచెను. మరియొక యేడాది గడచెను. వాని మనుమని అన్నప్రాశన సంగతి మూడవవారి నోట వినవలసి వచ్చినప్పుడు నా మనస్సు చివుక్కుమనెను. పొలము పంచుకొన్ననాడు ఏమైన మాట మిగిలిపోయెనా? అక్కయ్య కర్మనాడు నేనేమైన పొరపాటుగా పలికితినా? కారణము దొరకని కోపమునకు మనస్సు తానే కారణములను కల్పించి పెట్టును. 2022 ఏప్రిల్ 4న క్రొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు బాపట్లయు రేపల్లెయు ఒక జిల్లా అయ్యెను; తెనాలి గుంటూరు జిల్లాలోనే మిగిలెను. పటములో మా అన్నదమ్ము లిద్దరము దగ్గరైతిమి. మాట లేకుండుట మాత్రము మారలేదు.

2023 వేసవి సెలవులలో మా మనుమరాలు వచ్చెను. ఆమె కళాశాలలో గణితము చదువుచున్నది. ఒకనాడు నా ప్రక్కన కూర్చుండి, “తాతయ్యా! నీ ఈమెయిళ్లతో ఒక బొమ్మ గీయవలెనని యున్నది. నీవు సరేనన్నచో గీతును” అనెను.

“నా జాబులన్నియు చదువుదువా తల్లీ?” అని అడిగితిని.

“ఒక్కటియు చదువను. కవరుమీద నుండునట్టివి మాత్రమే చూతును. ఎవరు పంపిరి, ఎవరెవరికి పంపిరి, ఎప్పుడు పంపిరి. ఈ మూడే చాలును” అనెను.

మూడింటితో బొమ్మ యెట్లు వచ్చునో నాకు తెలియలేదు. ఆ సాయంకాలము ఆమె వివరించెను. 1736లో ఆయిలరు అను గణిత శాస్త్రజ్ఞుడు, కోనిగ్స్‌బర్గు పట్టణములోని ఏడు వంతెనలను ఒక్కొక్కదానిని ఒక్కమారు మాత్రమే దాటి వచ్చుట సాధ్యమా యను ప్రశ్నను విచారించెను. నదిని, వీధులను, ఇండ్లను విడిచి, నేల భాగములను, వానిని కలుపు వంతెనలను మాత్రమే లెక్కలోనికి తీసికొని, అది సాధ్యము కాదని నిరూపించెను. వస్తువులను బిందువులుగను, వాని సంబంధములను గీతలుగను తలచు గణితమునకు అది మొదలు. 1934లో మొరేనో అను వైద్యుడు ఆ రీతినే మనుష్యులకు వర్తింపజేయు గ్రంథమును ప్రకటించెను. తమ ప్రక్కన ఎవరు కూర్చుండవలెనని కోరుదురో చెప్పుడని అతడు పాఠశాల పిల్లల నడిగి, బాలికలకు వలయములను, బాలురకు త్రిభుజములను గీచి, గీతలతో కలిపెను. పలువురు కోరినది ఎవరినో, ఎవ్వరును కోరని పిల్లవాడెవడో ఆ బొమ్మలో ఒక్క చూపున తెలియుచుండెను.

“ఉత్తరములతో చేసిన ప్రయోగము కూడ ఒకటి యున్నది” అని ఆమె మరియొకటి చెప్పెను. దానిని స్టాన్లీ మిల్‌గ్రామ్ అను ఆచార్యుడు 1967లో ప్రకటించెను. నెబ్రాస్కా వంటి దూరప్రాంతమువారికి ఒక కాగితపు కట్ట నిచ్చి, బోస్టనులో పని చేయు ఒక పరిచయము లేని మనిషికి దానిని చేర్చవలెననిరి. నేరుగా పంపరాదు, తమ కెరిగిన వారిలో ఎవరు అతనికి దగ్గరగా నుందురని తోచునో వారికి పంపవలెను. వారును అట్లే చేయవలెను. చాలా కట్టలు నడుమనే నిలిచిపోయినవి. చేరినవి మాత్రము సుమారు ఐదుగురి చేతులు మారి చేరినవి. ఇంతకన్న వింత యేమనగా, చేరిన వానిలో పెక్కు ఒకే బట్టల వర్తకుని చేతి మీదుగా చేరినవి! ఆ ఊరిలో ఎందరో యుండగా త్రోవ అతనిమీదుగా నుండెను.

2013లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు ఈమెయిలు పెట్టెను ఇట్టి బొమ్మగా చూపు ‘ఇమ్మర్షన్’ అను సాధనమును తయారుచేసిరి. అదియు జాబులోని విషయమును ముట్టక, పంపినవారు, అందుకొన్నవారు, కాలము అను మూడింటినే తీసికొనెను. ఆ సంవత్సరమే జులై మాసమున మన దేశమున తంతి సేవ ముగిసెను.

మనుమరాలు పనికి పూనుకొనెను. ప్రతి మనిషికి ఒక వలయము. జాబుల సంఖ్య పెరిగిన కొలది వలయము పెద్దదగును. ఇద్దరి పేర్లు ఒకే జాబుమీద నున్నచో వారి నడుమ ఒక గీత. అట్టి జాబులు ఎక్కువైన కొలది గీత లావగును. నేను నడుమ నుంటిని. మొదటి బొమ్మ చూచి ఇద్దరమును నవ్వుకొంటిమి. అన్నిటికన్న పెద్ద వలయము ఒక బ్యాంకుది! రెండవది కరెంటు బిల్లుది. “వీరు పంపుటయే కాని, నీవు వీరికి ఎన్నడును జవాబు వ్రాయలేదు. రాకపోకలు రెండును ఉన్నవారినే ఉంచెదను” అని ఆమె వానిని తొలగించెను. జవాబు వ్రాయని ఉత్తరము తీగ ఎక్కరాదన్న తండ్రిగారి నియమము నాకు జ్ఞాపకము వచ్చెను.

అప్పుడు నా జీవితము కాగితముమీద కనబడెను. ఒక మూల కళాశాల మిత్రులు, ఒకరితో ఒకరు చిక్కగా అల్లుకొని యుండిరి. ఒక మూల పుస్తకముల కొరకు నాకు వ్రాసిన పూర్వవిద్యార్థులు. వారిలో వారికి పరిచయము లేదు గనుక గొడుగు కమ్ములవలె నా యొక్కనినుండియే విచ్చుకొని యుండిరి. వేరొక వైపు బంధువులు. వారి నడుమ అక్కయ్య వలయము పున్నమి చంద్రునివలె నుండెను. ఆమె నుండి నాకు లావైన గీత, తమ్మునికి లావైన గీత. నాకును తమ్మునికిని నడుమ కూడ గీత లావుగానే యుండెను.

“చూచితివా! వాడును నేనును ఇంత దగ్గరగా నుంటిమి. వాడే మానివేసెను” అంటిని.

ఆమె కొంతసేపు ఆలోచించి, “తాతయ్యా! ఈ గీత మీ ముగ్గురి పేర్లును కలిసిన జాబుల వలన వచ్చినది. పెద్దమ్మమ్మ పేరు లేని జాబులు వేరుగా లెక్కింతును” అనెను.

లెక్కించెను. పండ్రెండేండ్లలో అన్నదమ్ముల మిద్దరము ఒకరికొకరము నేరుగా వ్రాసికొన్న జాబులు ఏడు. వానిలో నాలుగు సంక్రాంతి శుభాకాంక్షలు.

ఆమె మారు మాటాడక, అక్కయ్య వలయమును బొటనవ్రేలితో మూసెను. బొమ్మ రెండు ముక్కలయ్యెను. రేపల్లె వైపు వలయము లన్నియు ఒక ప్రక్క. నేను, నావారు ఒక ప్రక్క. నడుమ దారమువంటి గీత ఒక్కటి మిగిలెను.

నేను చాలసేపు దానిని చూచుచు కూర్చుంటిని. తమ్ముడు మానివేసినదేమియు లేదు; నేను మానివేసినదియు లేదు. మే మిద్దరము ఏనాడును మొదలే పెట్టలేదు. బాపట్ల నుండి రేపల్లెకు పోవలెనన్న తెనాలిలో బండి మారవలెను. ఆ స్టేషను లేకపోయెను. బండి రాలేదని ఎదుటివానిమీద అలిగి ఐదేండ్లు కూర్చుంటిని.

ఇంతలో లోపలినుండి మా యింటి ఇల్లాలు కాఫీ తెచ్చి, బొమ్మను పరికించి, “నేనెక్కడ?” అని అడిగెను. మనుమరాలును నేనును ముఖముఖములు చూచుకొంటిమి. నలువదియైదేండ్లుగా ఒక్క కప్పు క్రింద నుండి ఆమెకు నేను ఈమెయిలు వ్రాయవలసిన పని యేమి? ఆ బొమ్మలో ఆమె లేనేలేదు. ప్రతి ఉదయము పలుకరించు పాలవాడు లేడు. ప్రక్కయింటి మాస్టరుగారు లేరు. చావుకబురు ఎక్కని తీగవలె ఇదియు ఒక లెక్క మాత్రమే. అది చూపినది నిజమే, చూపనిదియు నిజమే.

మరునాడు తమ్మునింటికి పోవ నిశ్చయించితిని. “రైలు వేళ చూడుము” అంటిని. “రైలు ఎందుకు తాతయ్యా? రోడ్డు ఉన్నది గదా!” అనెను మనుమరాలు. నిజమే. కత్తిపూడి నుండి ఒంగోలునకు తీరప్రాంతముగా పోవు 216వ నంబరు జాతీయ రహదారి రేపల్లె, బాపట్లల మీదుగానే పోవుచున్నది. రైలు పటములో లేనంత మాత్రమున త్రోవ లేకపోలేదు. తెనాలి వైపు చూడ నలవాటుపడిన కన్నులకు అది కనబడలేదు.

తమ్ముడు గుమ్మములోనే నిలిచి చూచెను. వాని తల పూర్తిగా నెరసియుండెను. ఏమియు ననక నా చేతిసంచి అందుకొని లోపలికి నడచెను. వసారాలో గోడగడియారము లేదు. తీగ మాత్రము అక్కడనే యున్నది. అక్కయ్య ఆదివారపు జాబులను వాడు అచ్చు వేయించి, తేదీల వరుసగా దానికి గ్రుచ్చి యుంచెను. అన్నిటికిని వాడు జవాబు వ్రాసినవాడే.

భోజనమైన పిదప ధైర్యము చేసి, “నాకెందుకు వ్రాయలేదురా?” అని అడిగితిని.

వాడు బల్లవైపు చూపెను. తండ్రిగారి సిరాబుడ్డి, సిరా లేక, అక్కడనే యుండెను. “దాని క్రింద నీ ఉత్తర మేదియు లేదు గదా అన్నయ్యా! దేనికి జవాబు వ్రాయను? అక్కయ్య ఉన్నంతవరకు నీ సంగతు లన్నియు ఆమెయే చెప్పెడిది. నీకు నామీద ఏదో కోపమనుకొంటిని” అనెను.

బాలబాలికలారా! మీరును ఇట్టి బొమ్మ గీయవచ్చును. దానికి కంప్యూటరే కావలెనని లేదు. కాగితము, పెన్సిలు చాలును. ఈ వారమున ఎవరెవరితో మాటాడితిరో, ఎవరు ముందు పలుకరించిరో గుర్తుంచుకొని వలయములు, గీతలు గీయుడు. కాని రెండు సంగతులు మరువకుడు. కవరుమీది వ్రాతయు ఒకరి రహస్యమే. అందులోని జాబు చదువకున్నను, ఎవరు ఎవరికి వ్రాసిరను దానినిబట్టి వారి జీవితమున ఎంతయో తెలియును. కావున ఒకరి బొమ్మను వారి అనుమతి లేక గీయకుడు, గీచినదానిని పదిమందికి చూపకుడు. మా మనుమరాలు పేర్లకు బదులు పొడి అక్షరములే వ్రాసి, పని ముగియగానే ఆ కాగితమును నా చేతి కిచ్చివేసెను. ఇక రెండవది. బొమ్మ గీచిన పిదప ఒక్కొక్క వలయముమీద వ్రేలు పెట్టి చూడుడు. ఏ ఒక్కరు లేకున్న ఎవరు మీకు దూరమగుదురో తెలియును. ఆ ఒక్కరికి కృతజ్ఞత చెప్పుడు. ఆ దూరమగువారికి నేడే ఒక మాట వ్రాయుడు.

బాపట్ల చేరిన నాడే నేను పోస్టాఫీసునకు పోయి ఒక కార్డు కొంటిని. ఈమెయిలు వ్రాయవచ్చును గాని, ఈ ఒక్కటి సిరాబుడ్డి క్రింద పడవలెనని నా కోరిక. “క్షేమముగా చేరితిమి. మినుము ఎట్లున్నది?” అని వ్రాసి, 522265 అని అంకెలు స్పష్టముగా వేసి డబ్బాలో వేసితిని.

వారము తిరుగకముందే జవాబు వచ్చెను. అందులో మొదటి పంక్తి యిది: “అన్నయ్యా! నీ కార్డు తీగ ఎక్కినది.”